ఊరి లైబ్రరీలోని పాత పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టొచ్చా? సాఫ్ట్‌వేర్ ఏది పెట్టుకోవాలి?

పరకాల పక్క ఊరు:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఒక ఊరు. యువజన సంఘం నడిపే చిన్న లైబ్రరీ ఉంది, జిల్లా గ్రంథాలయ సంస్థ కిందికి రాదు. పగలు ఎరువుల దుకాణంలో నా పని, సాయంత్రం లైబ్రరీ తాళం తీసేది నేనే, చందాలు రాసేది నేనే. పుస్తకాలు నాలుగు వేల పైచిలుకు ఉంటాయి.

అందులో రెండు బీరువాల నిండా 1930ల నుంచి 60ల దాకా వచ్చిన పుస్తకాలు, పత్రికల బైండింగులు. నిజాం కాలం నుంచి మా ఊరి బడిపంతులు ఒకాయన హన్మకొండ నుంచి, సికింద్రాబాద్ నుంచి తెప్పించి పెట్టినవి. ఇప్పుడు పేజీ తిప్పితే అంచులు పొడి రాలుతున్నాయి. వానలకు కింది అరలోకి చెమ్మ వచ్చి ఒక బైండింగుకు చెదలు పట్టింది. మా ఊరతను దుబాయ్ నుంచి వచ్చినప్పుడు ఒక స్కానర్, తను వాడిన లాప్‌టాప్ ఇచ్చిపోయాడు. దాంతో కమిటీ వాళ్లకు ఊపొచ్చింది: అన్నీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడదాం, మన ఊరి పేరు వస్తది అని. ఇంతలో హైస్కూలు సార్ ఒకాయన కాపీరైట్ కేసు అవుతుందని చెప్పి పోయాడు. కొన్న పుస్తకాలు మనవే కదా, మన ఇష్టం అని ఇంకొందరు. ఎవరి మాట నిజం?

ఇంకో ముచ్చట. మా ఊర్లోనే ఒక కవి ఉండేవారు, 1988లో పోయారు. సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న శతకం, పాటల పుస్తకం, చేతిరాత నోటుబుక్కులు మా దగ్గరే ఉన్నాయి. కొడుకు ఊర్లో ఉన్నాడు, "పెట్టుకోండి, నాన్న పేరు నిలబడుతుంది" అన్నాడు. నోటి మాట సరిపోతుందా?

సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెప్పండి. ఒక కంపెనీ వాళ్లు వచ్చి డెమో చూపించి, ఏటా మెయింటెనెన్స్ అని చెప్పిన రేటు మా ఏడాది చందాల కంటే ఎక్కువ. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఫ్రీ అంటున్నారు. ఫ్రీ అంటే ఎక్కడో మెలిక ఉంటుందని నా అనుమానం.

ఆఖరుది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్‌కు చదివే పిల్లలే. కోచింగ్ పుస్తకాల పీడీఎఫ్‌లు లాప్‌టాప్‌లో వేసి పెట్టమంటారు. చందా కట్టేది కూడా వాళ్లే, కాదంటే మొహం మాడ్చుకుంటారు.

టెలిగ్రామ్ బాబాయ్:

అన్నా, ఎందుకంత టెన్షన్? టెలిగ్రామ్‌లో దొరకని పుస్తకం ఉందా ఈ రోజుల్లో? ఊరి లైబ్రరీ మీద కేసు పెట్టేంత తీరిక ఎవరికుంది. పెట్టేయండి, ఎవరైనా అడిగితే తీసేద్దురు.

హన్మకొండ రిటైర్డ్:

తమ్మీ, పై మాట వినకు. టెలిగ్రామ్‌లో పెట్టినోడికి ఊరూ పేరూ ఉండదు. నీ లైబ్రరీకి రోడ్డు మీద బోర్డు ఉంది. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని రాసుంది. లాభం కోసం చేసింది కాకపోతే కోర్టు తగ్గించొచ్చు, అది వేరే సంగతి.

అట్లని హైస్కూలు సార్ మాట పట్టుకుని చేతులు ముడుచుకుని కూర్చోకు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ని. చట్టం పేరు చెప్పి ఏ పనీ చేయని లైబ్రేరియన్లను మస్తుమందిని చూశాను. వాళ్ల బీరువాల్లో పుస్తకాలు చెదల పాలయ్యాయి, చట్టం మాత్రం భద్రంగా ఉంది. నిజానికి 1957 కాపీరైట్ చట్టం లైబ్రరీలకు ఇచ్చిన వెసులుబాటు వీళ్లు అనుకునే దానికంటే పెద్దది. 52(1)లో 'ఎన్' అనే క్లాజు చూడు. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర కాగితం ప్రతి ఉన్న పుస్తకాన్ని, అది పాడుకాకుండా కాపాడుకోవడానికి, కంప్యూటర్‌లో దాచుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాని పక్కనే 'ఓ' క్లాజు: ఇండియాలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే లైబ్రరీ అవసరానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. ఊరందరికీ తెరిచి పెట్టి, చందాను పేపర్ బిల్లుకూ కరెంటు బిల్లుకూ వాడుకునే లైబ్రరీ లాభాపేక్ష లేనిదే అని నా అభిప్రాయం. కాబట్టి స్కానింగ్ రేపే మొదలుపెట్టు. హార్డ్ డిస్క్‌లో పెట్టుకో, ఇంకో కాపీ వేరే ఇంట్లో పెట్టు.

నెట్‌లో పెట్టడం మాత్రం దాచుకోవడం కాదు, పంచడం. అక్కడ లెక్క వేరు.

మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. పోయిన మరుసటి జనవరి 1 నుంచి లెక్క పెట్టాలి. ముందు 50 ఏళ్లే ఉండేది. టాగోర్ 1941లో పోయారు కదా, ఆయన రచనలు అందరివీ అయిపోయే సమయానికి 1992లో 60కి పెంచారు. ఆయన హక్కులున్న ఒక్క విశ్వభారతి గొడవ దేశమంతా మోస్తున్నాం, పోనీ. ఇక్కడ జనం ఎక్కడ తప్పుతారంటే, పుస్తకం మీద 1938 అని చూసి పాతదే కదా అనుకుంటారు. అచ్చయిన ఏడాదితో పని లేదు, రాసినాయన పోయిన ఏడాది కావాలి. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, 2014 నుంచి ఆయన రచనలు అందరివీ. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1961లో పోయారు, 2022 నుంచి ఆయనవి కూడా. దాశరథి కృష్ణమాచార్య గారివి 2047 చివరి దాకా ఆగాలి. మన కాళోజీ 2002లో పోయారు కాబట్టి 2062 చివరి దాకా. నిజాం మీద ఎప్పుడో రాసిన గేయమైనా సరే.

ఇంకో గుంత. పోతన పద్యాలకు ఎవరిని అడగనక్కర లేదు, బమ్మెర పోయి దండం పెట్టుకొస్తే చాలు. కానీ ఈ మధ్య ఎవరో టీకా తాత్పర్యాలు రాసి వేసిన పుస్తకం తెచ్చి స్కాన్ చేసి పెడితే, ఆ టీకా రాసినాయన హక్కు తొక్కినట్టే. అనువాదాలకూ అంతే. మూలం రాసినాయన పోయి వందేళ్లైనా అనువాదకుడి హక్కు అనువాదకుడిదే.

పత్రికల బైండింగులు అన్నిటికంటే చిక్కు. ఒక్కో వ్యాసానికి ఒక్కో రచయిత. పేరు లేకుండా, మారుపేరుతో వచ్చి, అసలు రచయిత ఎవరో బయటపడని వాటికి మాత్రం అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు లెక్క. పేర్లున్న వాటికి ఒక్కొక్కరిదీ వెతకాల్సిందే. అంత ఓపిక లేకపోతే పత్రికలు స్కాన్ చేసి లోపలే ఉంచు. నెట్‌లో సంచికల విషయసూచిక మాత్రం పెట్టు, వ్యాసం పేరు, రచయిత పేరు, నెల, సంవత్సరం. వెతికేవాళ్లకు అదే బంగారం.

ఏది ముందు స్కాన్ చేయాలంటే, ఊర్లో అచ్చయినవి, ఊరి గురించి ఉన్నవి. పేరున్న పుస్తకాలు చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు ఎప్పుడో స్కాన్ చేశారు. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి పూనికతో నడిచిన పని అది, తెలుగువి వేల సంఖ్యలో ఉన్నాయి, ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పుల తడకగా ఎక్కించారు, ఒక్కో పుస్తకాన్ని మూడు నాలుగు స్పెల్లింగులతో వెతకాలి. ముందు అక్కడ చూడు. అక్కడ శుభ్రంగా ఉన్నదాన్ని మళ్లీ స్కాన్ చేస్తూ వేసవంతా గడిపేస్తే మీ కవి శతకం ఎవరు చేస్తారు? అది ప్రపంచంలో మీ బీరువాలో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

లైనక్స్ పోరడు:

సార్ చట్టం చెప్పారు కాబట్టి నేను సాఫ్ట్‌వేర్ వరకే. నాది హుజూరాబాద్, రెండు మూడు కాలేజీలకు కోహా పెట్టి ఇచ్చాను.

అన్నా, ఫ్రీలో మెలిక ఎక్కడుంటుందని అడిగావు. పైసల్లో లేదు. కోహా 2000 జనవరిలో న్యూజిలాండ్‌లోని హోరోవెనువా అనే చోట లైబ్రరీల్లో మొదలైంది. వాళ్ల పాత సిస్టమ్ 2000 సంవత్సరం తేదీలకు తట్టుకోదని తేలితే, కొత్తది కొనకుండా రాయించుకుని జీపీఎల్ లైసెన్స్‌తో అందరికీ వదిలేశారు. కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, వేరేవాళ్లకు ఇవ్వొచ్చు, దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. మెలిక ఏంటంటే పెట్టి, నడిపి, బ్యాకప్ తీసే మనిషి కావాలి. డెబియన్ లేదా ఉబుంటు అనే లైనక్స్ మీద నడుస్తుంది. మీ దుబాయ్ లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉన్నా మీ సైజు లైబ్రరీకి నడుస్తుంది.

డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ అన్నీ చెడ్డవని నేను అనను. అడగాల్సింది ఒక్కటే: "రేపు మేము మానేస్తే మా డేటా మొత్తం మాకు తెలిసిన ఫార్మాట్‌లో ఇస్తారా?" లైబ్రరీలు వాడే మార్క్ 21లో గానీ, కనీసం ఏ షీట్‌లోనైనా తెరుచుకునే సీఎస్‌వీలో గానీ. నాకు తెలిసిన ఒక కాలేజీలో ఏళ్ల తరబడి ఎక్కించిన రికార్డులు, కంపెనీ మూతపడ్డాక బయటికి తీయలేక, మళ్లీ పుస్తకాల నంబర్లు రాసే అక్సెషన్ రిజిస్టర్ చూసి మొదటి నుంచి టైపు చేశారు. ఈ ప్రశ్నకు సేల్స్ అతను నసిగితే టీ తాగించి పంపెయ్.

ఈ-గ్రంథాలయ కూడా అడుగుతారు చాలామంది. అది కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్లది, ప్రభుత్వ లైబ్రరీలకు ఉచితం, మంచిదే. కానీ ఉచితం వేరు, ఓపెన్ సోర్స్ వేరు. దాని కోడ్ మన చేతికి రాదు. మన హైదరాబాద్‌లోనే పుట్టిన న్యూజెన్‌లిబ్ 2008లో ఓపెన్ సోర్స్ అయింది. మనదని అభిమానం ఉంది గానీ కొత్తగా పెట్టేవాళ్లకు నేను కోహానే చెప్తాను, ఇరుక్కుంటే సాయం చేసేవాళ్లు ఎక్కువ.

అయితే నిజం చెప్పాలంటే నీకు ఇప్పుడే కోహా అక్కర్లేదు. ముందు లిబ్రేఆఫీస్ షీట్‌లో రిజిస్టర్ ఎక్కించు: అక్సెషన్ నంబర్, పేరు, రచయిత, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, పేజీలు, ఏ బీరువా ఏ అర. పాత పుస్తకాలకు ఇంకో కాలమ్ పెట్టి రచయిత పోయిన ఏడాది రాయి, సార్ చెప్పిన లెక్క అప్పుడే తేలిపోతుంది. ఈ షీట్ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌లోకైనా పోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పరకాలలో డీటీపీ షాపుకు ఇచ్చి టైపు చేయిస్తే వాళ్లు అను ఫాంట్లలో కొట్టిస్తారు. ప్రింట్ తీస్తే అందంగా ఉంటుంది, కోహాలో వేస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తేడా కొడతాయి. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదివే యూనికోడ్‌లోనే కొట్టమని ముందే చెప్పు, ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొట్టినా చాలు. అట్లాగే కోహా పెట్టాక తెలుగులో వెతికితే దొరకట్లేదని చాలామంది వదిలేస్తారు. దాంట్లో వెతికే ఇంజిన్ జీబ్రా మామూలు సెట్టింగ్‌తో మన లిపిని సరిగా పట్టుకోదు, యూనికోడ్ లిపులు పట్టుకునే ఐసీయూ ఇండెక్సింగ్‌కు మార్చి మళ్లీ ఇండెక్స్ చేయించాలి. హాస్పిటల్ ఐసీయూ కాదు, భయపడకు.

స్కానింగ్‌కు 300 డీపీఐ చాలు, అక్షరం మసకగా ఉంటే 400. అంచులు రాలే పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ మీద బోర్లించి నొక్కొద్దు, బైండింగ్ విరుగుతుంది. అవి ఫోన్ స్టాండ్ పెట్టి రెండు వైపులా లైట్లతో ఫొటో తీయాలి. పేజీలు సరిచేయడానికి స్కాన్‌టైలర్, అక్షరాలు గుర్తించడానికి టెస్సరాక్ట్, రెండూ ఓపెన్ సోర్స్, టెస్సరాక్ట్‌కు తెలుగు కూడా ఉంది. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు తప్పుగా చదువుతుంది. మనిషి చూసి దిద్దాల్సిందే.

కేయూ స్కాలర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పరకాల అన్నా, మీ బైండింగుల్లో 1950ల నాటి ఓరుగల్లు వైపు పత్రికలు ఏమైనా ఉన్నాయా? నా పీహెచ్‌డీ వాటి మీదే. సొంత పరిశోధన కోసం వ్యాసాలు కాపీ తీసుకోవడం అదే 52వ సెక్షన్ ప్రకారం తప్పు కాదు, కాబట్టి నెట్‌లో పెట్టకపోయినా నాలాంటి వాళ్లకు పనికొస్తాయి. సూచిక మాత్రం తప్పకుండా పెట్టండి. ఫలానా పత్రిక ఫలానా ఊర్లో ఉందని తెలియకనే మేము హైదరాబాద్ చుట్టూ తిరుగుతుంటాం.

పరిశోధన జర్నళ్లు కూడా మీ దగ్గర నెట్‌లో అన్నీ ఫ్రీగా చదవొచ్చు అనుకోకండి, జర చూసుకోండి. మా యూనివర్సిటీకి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఉంది. కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి, 2025 జనవరి నుంచి 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు 13,000 దాకా ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిపించింది. మాకు మంచిదే. కానీ గేటు మా క్యాంపస్‌కు తెరుచుకుంది, మీ ఊరి లైబ్రరీకి కాదు. మీకు అందేది శోధ్‌గంగ. యూనివర్సిటీలు పీహెచ్‌డీ గ్రంథాలు అందులో పెడతాయి, ఎవరైనా చదవొచ్చు, దించుకోవచ్చు. తెలుగు సాహిత్యం మీద చాలా ఉన్నాయి. హక్కు మాత్రం రాసినవాళ్లదే, తెచ్చి మీ సైట్‌లో పెట్టొద్దు, లింకు ఇవ్వండి.

పరకాల పక్క ఊరు:

అందరికీ మస్తు థాంక్స్. చెల్లె, 1952, 53 బైండింగులు ఉన్నాయి, అట్టలు పోయాయి. ఆదివారం పేర్లు చూసి ఇక్కడే రాస్తాను.

రిటైర్డ్ సార్, మీ లెక్క ప్రకారం మా కవి గారివి 2048 చివరి దాకా ఆగాలి కదా? కొడుకు సంతకం పెడతానంటున్నాడు. ఇద్దరు బిడ్డలు కూడా ఉన్నారు, ఒకరు జమ్మికుంటలో, ఒకరు భివండిలో. కాగితంలో ఏం రాయించాలి? నోటుబుక్కులు కూడా అందులోనే రాయొచ్చా? కోచింగ్ పీడీఎఫ్‌ల సంగతి ఎవరూ చెప్పలేదు.

హన్మకొండ రిటైర్డ్:

2048 కరెక్టే. అడిగి పెట్టుకుంటే ఇప్పుడే పెట్టొచ్చు. వీలునామా ఏదీ లేకపోతే హక్కు ముగ్గురిదీ. ఊర్లో ఉన్నది కొడుకే అని ఆయన ఒక్కడి సంతకంతో తేల్చేయకు. పొలం కాగితాల దగ్గర ఆడబిడ్డల సంతకం వెతుక్కుంటూ పోతాం కదా, దీనికీ పోవాలి. భివండికి కాగితం పోస్టులో పంపు.

నోటి మాట చెల్లదు, రాతలో ఉండాలి. అందులో ఇట్లా రాయించు:

"కీర్తిశేషులు ఫలానా వారి వారసులమైన మేము, ఆయన రాసిన కింద పేర్కొన్న పుస్తకాలను ఈ లైబ్రరీ స్కాన్ చేసి, ప్రపంచంలో ఎక్కడి వారైనా ఉచితంగా చదువుకునేలా, దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టడానికి, కాపీరైట్ ఉన్నంత కాలానికి అనుమతి ఇస్తున్నాము. రచయిత పేరు తీసేయరాదు, రాసినదాన్ని మార్చరాదు. అమ్మకానికి ఈ అనుమతి వర్తించదు. కాపీరైట్ మా వద్దే ఉంటుంది."

కింద పుస్తకాల పేర్లు, అచ్చయిన ఏడాది, ముగ్గురి సంతకాలు, తేదీ, ఇద్దరు సాక్షులు. కాలం, ప్రాంతం రెండూ ఎందుకు రాయించమన్నానంటే, కాలం రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు చట్టం తీసుకుంటుంది. నెట్‌కు ఇండియా సరిహద్దు ఎక్కడ గీస్తావు? వికీపీడియా వాళ్ల ఉచిత పుస్తకాల సైట్ తెలుగు వికీసోర్స్‌లోకి ఎక్కించాలని ఉంటే మాత్రం ఈ కాగితం పనికిరాదు, వాళ్లు అమ్మకం వద్దనే షరతును ఒప్పుకోరు. అప్పుడు క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ లైసెన్స్ పేరు పెట్టి రాయించాలి. దాని ప్రకారం ఎవరైనా అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. ఆ మాట వారసులకు విప్పి చెప్పి, ఒప్పుకుంటేనే చేయి.

నోటుబుక్కులకు వేరే కాగితం. అచ్చు కానివి కదా, కవి గారే వద్దనుకుని పక్కన పెట్టినవి అందులో ఉండొచ్చు. బిడ్డలు ఒకసారి చదివి ఏవి పెట్టొచ్చో గుర్తు పెట్టాక పెట్టు. అప్పటిదాకా స్కాన్ చేసి లోపల దాచు.

కోచింగ్ పీడీఎఫ్‌లు వద్దు. మార్కెట్‌లో అమ్ముడవుతున్న పుస్తకం అది, పైన చెప్పిన ఏ క్లాజూ నిన్ను కాపాడదు. పిల్లలను ఒట్టి చేతులతో పంపకు, ఆ లాప్‌టాప్‌లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పేజీ, మన ఎస్‌సీఈఆర్‌టీ పేజీ, ఇగ్నో వాళ్ల ఈ-జ్ఞాన్‌కోశ్, ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ లింకులు డెస్క్‌టాప్ మీదనే పెట్టు. తెలంగాణ సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్ ప్రభుత్వమే పీడీఎఫ్‌గా ఇస్తుంది, గ్రూప్స్‌కు చదివేవాళ్లు కోచింగ్ నోట్సు కంటే ముందు అది చదవాలి. పాత ప్రశ్నపత్రాలు టీజీపీఎస్సీ సైట్‌లోనివే తీసుకో. చందా డబ్బులు మిగిలితే ఎక్కువమంది అడిగే కోచింగ్ పుస్తకాలు రెండేసి ప్రతులు కొని పెట్టు, ఇంటికి ఇవ్వకుండా అక్కడే చదివించు.

లైనక్స్ పోరడు:

అన్నా, షీట్‌లో మొదటి యాభై పుస్తకాలు ఎక్కించగానే నాకు పంపు. యూనికోడ్‌లో ఉందో లేదో, కాలమ్స్ కోహాకు సరిపోతాయో చూసి చెప్తాను. మొత్తం కొట్టాక మార్చాలంటే నీకూ కష్టం, నాకూ కష్టం. ఆ లాప్‌టాప్‌లో విండోస్ ఏదైనా ఉంటే ఇప్పుడే తీసేయకు, స్కానర్ డ్రైవర్ లైనక్స్‌లో పనిచేస్తుందో లేదో ముందు చూడాలి. మోడల్ నంబర్ స్కానర్ వెనకాల ఉంటుంది, ఫొటో తీసి పెట్టు.